వేమన వేము, పాచిపళ్ల దాసరి పాట: చూసిందే మళ్లీ ఎందుకు చూస్తాం?

2022 ఆగస్టు 9న, మహేశ్‌బాబు పుట్టినరోజున, 2006 నాటి ‘పోకిరి’ మళ్లీ థియేటర్లకు వచ్చింది. అప్పటికే ఆ సినిమా టీవీలో ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. అయినా హైదరాబాద్‌లో షోలు నిండిపోయాయి. ఆ తర్వాత రీ-రిలీజ్ ఒక పండగలా మారింది. హీరో పుట్టినరోజు దగ్గరపడితే చాలు, పాత సినిమాకు మెరుగుపెట్టి పెద్ద తెర మీదికి తెస్తున్నారు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో అలాంటి ఒక షోకి నేనూ వెళ్లాను. నా వెనక సీట్లో కుర్రాడు ప్రతి డైలాగునూ తెర మీది మనిషి కంటే అర సెకను ముందే చెప్పేస్తున్నాడు. అతని పక్కవాళ్లు విసుక్కోవడం లేదు, తామూ అందుకుంటున్నారు. పాట రాగానే సగం హాలు లేచి నిలబడింది. ఇంటికొచ్చాక మా బాబాయి అడిగాడు: “కథ తెలుసు, ఫైట్లు తెలుసు, పాటలు నోటికొచ్చు. డబ్బులు పెట్టి మళ్లీ ఏం చూసొచ్చావురా?”

ఆ ప్రశ్న ఒక్క సినిమా గురించి కాదని నాకు తర్వాత తట్టింది. ఒకే కీర్తనను నలభై ఏళ్లుగా వినేవాళ్లున్నారు. రాత్రి పడుకునే ముందు అదే కథ చెప్పమని, ఒక్క మాట మార్చినా ఒప్పుకోని పిల్లలున్నారు. వీళ్లందరికీ దొరుకుతున్నది ఏమిటి?

మన భాషే ఈ విషయంలో రెండు రకాలుగా మాట్లాడుతుంది. చెప్పిందే చెబుతుంటే “పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ” అని దెప్పుతాం. చదువుకున్నవాళ్లయితే చర్వితచర్వణం అంటారు, నమిలిందే నమలడం అని. అరిగిపోయిన రికార్డు అనే మాట ఎలాగూ ఉంది. మరోవైపు వేమన ఏమన్నాడు? “అనగననగ రాగమతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు.” పాడగా పాడగా రాగం పెరుగుతుంది, తినగా తినగా వేపాకు చేదు కూడా తియ్యనవుతుంది. దాసరి పాట విసుగు పుట్టిస్తే వేమన రాగం ఎందుకు అతిశయిస్తుంది? రెండూ నిజమే కాబట్టి, తేడా ఎక్కడుందో వెతకాలి.

## ఒకే మాట కింద మూడు వేర్వేరు సంగతులు

పునరావృత్తి అంటే తిరిగి తిరిగి రావడం. కళ విషయంలో ఈ ఒక్క మాటను మూడు చోట్ల వాడుతున్నాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటిది కృతి లోపల జరిగేది. పాటలో ప్రతి చరణం తర్వాత పల్లవి తిరిగి వస్తుంది. శతకంలో ప్రతి పద్యం చివర మకుటం వస్తుంది. చాలా బతుకమ్మ పాటల్లో ప్రతి లైను చివరా ‘ఉయ్యాలో’ ఉంటుంది. పోచంపల్లి చీరలో అదే పువ్వు అంచు పొడవునా నడుస్తుంది. ఇది కళాకారుడు కావాలని పెట్టినది.

రెండోది మనం చేసేది. సినిమా మళ్లీ చూస్తాం, నవల మళ్లీ చదువుతాం, పాటను లూప్‌లో పెట్టుకుంటాం. కృతి కదలదు, మనమే దాని దగ్గరికి తిరిగి వెళతాం.

మూడోది ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. అదే కృతిని ఇంకొకరు కొత్తగా పాడటం, లేదా మొదట పాడిన గాయనే వచ్చే నెల ఇంకో కచేరీలో పాడటం. పాట అదే, పాడిన తీరు వేరు. మన సంప్రదాయ కళలు ఎక్కువగా బతికింది ఈ మూడో దారిలోనే. చివర్లో దీని దగ్గరికి మళ్లీ వద్దాం.

## దోషమా, అలంకారమా?

మన ఆలంకారికులకు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లకు, ఈ ప్రశ్న బాగా పాతది. వాళ్లు పునరుక్తిని కావ్యదోషాల్లో లెక్కవేశారు. చెప్పిన అర్థాన్నే అవసరం లేకుండా మళ్లీ చెప్పడం తప్పు. అదే శాస్త్రం లాటానుప్రాసను అలంకారం అంది. అందులో మాట మళ్లీ వస్తుంది, తాత్పర్యం మారుతుంది. తెలుగులో దీనికి అందరూ చూపే ఉదాహరణ పోతన పద్యమే:

“కమలాక్షు నర్చించు కరములు కరములు, శ్రీనాథు వర్ణించు జిహ్వ జిహ్వ.”

విష్ణువును పూజించే చేతులు చేతులు, ఆయనను వర్ణించే నాలుక నాలుక. అక్షరాలు లెక్కపెడితే ‘కరములు’ రెండుసార్లు వచ్చింది, అంతే. చదివితే మాత్రం రెండో ‘కరములు’ మొదటిదాని లాంటిది కాదు. మొదటిది మనిషికి ఉండే చేతులు. రెండోది, చేతులు అనిపించుకోదగ్గ చేతులు. ఆ రెండు మాటల మధ్య ఒక తీర్పు ఉంది. పోతన ఆ తీర్పును విడిగా రాయలేదు, మాటను మళ్లీ పెట్టి మన చేతే అనిపించాడు. “పూజించే చేతులే నిజమైన చేతులు” అని మార్చి చూడండి. అర్థం పోదు. దెబ్బ పోతుంది.

మకుటం పని వేరు. గోల్కొండ చెరసాలతో ముడిపడిన కంచెర్ల గోపన్న, అంటే రామదాసు, తన శతకంలో ప్రతి పద్యాన్నీ “దాశరథీ కరుణాపయోనిధీ” దగ్గరికి తెచ్చి దింపుతాడు. పద్యం మొదట్లో ఎక్కడ తిరిగినా, ఎంత కష్టమైన సమాసాల్లో నడిచినా, దిగేచోటు మనకు తెలుసు. ఆ నమ్మకం ఉంది కాబట్టే దారిలో ఎన్ని మలుపులున్నా ఓర్చుకుంటాం. పిల్లలకు శతక పద్యాలు అంత త్వరగా నోటికి రావడానికీ ఇదొక కారణం. పద్యంలో కొంత భాగం వాళ్లకు ముందే వచ్చు.

## మాట పాటగా మారే చోటు

1995లో డయానా డాయిచ్ అనే శాస్త్రవేత్త తన మాటల రికార్డింగును సరిచూసుకుంటున్నారు. అందులో ఒక చిన్న ముక్క పొరపాటున లూప్‌లో పడి తిరుగుతూ ఉండిపోయింది. కాసేపటికి ఆమెకు గదిలో ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. విని చూస్తే అది తన మాటే. శబ్దంలో ఏ మార్పూ లేదు, పదేపదే రావడం వల్ల మాట పాటలా వినపడటం మొదలైంది. తర్వాత ప్రయోగాల్లోనూ ఇది నిలబడింది.

దీనికి ల్యాబ్ అక్కర్లేదు. మన గల్లీల్లో పాత సామాన్లు కొంటామంటూ ఆటో మీద మైకు పెట్టుకుని తిరుగుతారు. రికార్డు చేసిన ఒకే ప్రకటన పొద్దున్నుంచీ తిరుగుతూ ఉంటుంది. మొదటి రెండుసార్లు మనం దాని అర్థం వింటాం: ఇనుము కొంటారట, పేపర్లు కొంటారట. ఆటో మలుపు తిరిగే లోపల అర్థం వెనక్కి పోతుంది. గొంతు ఎక్కడ లేచింది, ఏ అక్షరం సాగింది అన్నదే మిగులుతుంది. సాయంత్రం పిల్లలు దాన్ని పాడుతూ ఆడుకుంటారు.

చెవికి ఒకసారికి ఇంతే అని ఒక ఓపిక ఉంటుంది. మొదటిసారి ఆ ఓపిక అంతా “ఏమంటున్నాడు?” అన్నదానికే ఖర్చవుతుంది. అర్థం తెలిసిపోయాక ఆ ఓపిక మిగులుతుంది, అది “ఎలా అంటున్నాడు?” మీదికి వెళుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. మిగతావి చాలావరకు దీని కొమ్మలే.

ఎలిజబెత్ మార్గులిస్ అనే సంగీత పరిశోధకురాలు దీన్ని ఇంకో వైపు నుంచి పరీక్షించారు. బెరియో, కార్టర్ అనే 20వ శతాబ్దపు పాశ్చాత్య స్వరకర్తలు తమ రచనల్లో పునరావృత్తిని బాగా తగ్గించారు. మార్గులిస్ ఆ రికార్డింగుల్లో కొన్ని ముక్కలను కంప్యూటర్‌లో కోసి, మళ్లీ అతికించి, అదే ముక్క రెండోసారి వచ్చేలా చేశారు. కళాదృష్టితో ఏమీ చేయలేదు, కోసి అతికించడమే. విన్నవాళ్లకు అసలుదానికంటే ఈ అతుకులదే ఎక్కువ నచ్చింది. పైగా ఇది యంత్రం కట్టింది కాదు, మనిషే కట్టి ఉంటాడని వాళ్లకు ఎక్కువగా అనిపించింది. మళ్లీ రావడమే “ఇక్కడ ఎవరో ఒక ఉద్దేశంతో ఉన్నారు” అనే గుర్తుగా పనిచేసిందన్నమాట.

## తెలిసినదాని కోసం ఎదురుచూపు

పాతబస్తీ ముషాయిరాలో, అంటే ఉర్దూ కవుల సభలో, ఒక్కసారైనా కూర్చున్నవాళ్లకు ఈ విషయం సిద్ధాంతం లేకుండానే తెలుసు. గజల్‌లో రెండు లైన్లు కలిస్తే ఒక షేర్. మొదటి షేర్‌ను మత్లా అంటారు. అందులో రెండు లైన్ల చివరా ఒకే మాట వస్తుంది, అది రదీఫ్. దానికి ముందు వచ్చే ప్రాసపదం కాఫియా. ఆ తర్వాతి షేర్లన్నిటిలో రెండో లైను చివర మాత్రమే ఇవి రావాలి.

హైదరాబాదీ కవి మఖ్దూం మొహియుద్దీన్ (1908-1969), టాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది, రాసిన ఒక ప్రసిద్ధ గజల్ తీసుకుందాం. అందులో రదీఫ్ ‘ఫూలోఁ కీ’, అంటే ‘పువ్వుల’. కాఫియాలు బాత్, బరాత్, రాత్. పువ్వుల మాట, పువ్వుల ఊరేగింపు, పువ్వుల రాత్రి. మత్లా పూర్తయ్యేసరికి సభలో అందరికీ లెక్క అర్థమైపోతుంది: ఇకమీదట ప్రతి షేరూ ఎక్కడ తిరిగినా పువ్వుల దగ్గరికే రావాలి. ఇక్కడి నుంచి ఆట మొదలు.

కవి మొదటి లైను చదువుతాడు. వెంటనే రెండోది చెప్పడు. మొదటిదాన్నే మళ్లీ చదువుతాడు. సభలోవాళ్లు దాన్ని అందుకుని తిరిగి అంటారు. ఇంకోసారి చదువుతాడు. ఆ వ్యవధిలో ప్రతి శ్రోత మనసులోనూ ఒక వెతుకులాట నడుస్తుంది: ఈ లైను నుంచి ‘ఫూలోఁ కీ’ దగ్గరికి ఏ కాఫియా పట్టుకుని దిగుతాడు? కవి రెండో లైను అందుకుంటాడు. కాఫియా వినపడిన క్షణంలోనే సభ అంతా రదీఫ్‌ను అతనితో కలిసి పలుకుతుంది. ఆ రెండు పదాల్లో కొత్త సమాచారం ఏమీ లేదు. ఆనందం అంతా అక్కడే ఉంది. వెంటనే “ముకర్రర్!” అని కేక పడుతుంది. ముకర్రర్ అంటే మళ్లీ చెప్పమని. ఇప్పుడు షేర్ మొత్తం తెలిసిపోయింది, అయినా మళ్లీ కావాలి.

2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వాలరీ సలీంపూర్ బృందం చేసిన మెదడు స్కానింగ్ పరిశోధన ఇక్కడ ఉపయోగపడుతుంది. అందులో పాల్గొన్నవాళ్లు ఎవరికి ఒళ్లు పులకరించే సంగీతం వాళ్లే తెచ్చుకున్నారు. అంటే బాగా తెలిసిన సంగీతమే. పులకరింత క్షణంలో మెదడులో డోపమిన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం విడుదలైంది, అది ఊహించినదే. దానికి కొద్ది సెకన్ల ముందు, ఆ ఘట్టం రాబోతోందన్న ఎదురుచూపులో కూడా డోపమిన్ విడుదలైంది, అదీ మెదడులో వేరే భాగంలో. ఆ ఎదురుచూపు ఆనందంలో ఒక వాటా, ఆ వాటా ముందే తెలిసినవాడికే దక్కుతుంది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఏం రాబోతోందో కచ్చితంగా తెలిస్తే ఉత్కంఠ ఎలా కలుగుతుంది? దీనికి జంషెడ్ భరూచా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన విభజన నాకు బాగా నచ్చింది. మనలో రెండు రకాల అంచనాలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి ఈ పాట గురించిన జ్ఞాపకం: ఇప్పుడు ఈ స్వరం వస్తుందని తెలుసు. రెండోది ఈ రకం సంగీతం అంతా విని విని పడిన అలవాటు: మామూలుగా ఇలాంటి చోట ఏ స్వరం వస్తుందో అది. రెండోది మన మాట వినదు, ప్రతిసారీ తనంతట తాను లేస్తుంది. అందుకే వందోసారి విన్నా ఆ అనుకోని స్వరం దగ్గర అలవాటు ఒక్క క్షణం తడబడుతుంది. జ్ఞాపకం మాత్రం నవ్వుకుంటుంది.

## కట్టె, కొట్టె, తెచ్చె

మా బాబాయి అసలు అభ్యంతరం కథ గురించి. కథ తెలిసిపోయాక ఇంకేముంది అని. అదే నిజమైతే రామాయణానికి మూడు మాటలు చాలు: కట్టె, కొట్టె, తెచ్చె. వారధి కట్టాడు, రావణుణ్ని కొట్టాడు, సీతను తెచ్చాడు. ఈ సామెత పుట్టిన జాతే శ్రీరామనవమికి హరికథ పెట్టించుకుని గంటల తరబడి వింటుంది.

2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి చిన్న కథలు చదవనిచ్చారు. కొందరికి ముగింపు ముందే చెప్పేశారు. ముగింపు తెలిసి చదివినవాళ్లకే కథలు కాస్త ఎక్కువ నచ్చాయి, మలుపు మీదే నిలబడే కథల్లో కూడా. ఇక స్పాయిలర్ల గొడవే అక్కర్లేదని ఆ రోజుల్లో చాలామంది రాశారు. అది తొందరపాటు. 2015లో వచ్చిన మరో పరిశోధనలో ఫలితం తిరగబడింది, ముగింపు తెలియనివాళ్లకే ఎక్కువ సరదా, ఉత్కంఠ కలిగాయి. ఏ కథ, ఎవరు చదివారు, ‘నచ్చడం’ అంటే ఏమని అడిగారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతోంది. మొదటి చూపులో దొరికే ఉత్కంఠ నిజమైనదే, అది ఒక్కసారే దొరుకుతుంది. అది పోయినచోట వేరేది మొలుస్తుందా లేదా అన్నదే రెండోసారి చూపును నిర్ణయిస్తుంది.

1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు హాల్లో కథ తెలియనివాళ్లు అరుదు. అది అభిమన్యుడి పెళ్లి కథ. జూదం, వనవాసం, కౌరవుల కుట్ర అన్నీ ఉన్నాయి. కానీ సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. మొదటిసారి చూసేవాళ్లలో ఈ సంగతి పట్టుకునేవాళ్లు బహు తక్కువ, కథ లాక్కుపోతుంది కాబట్టి. నాకు ఎన్నో చూపుకో తట్టింది. తట్టాక ఆ సినిమా కట్టిన తీరే వేరుగా కనబడింది. ఉండాల్సినవాళ్లను పక్కన పెట్టి కథ నడపడం ఎంత ధైర్యం! అలాగే ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్న ఘట్టాలు. “ఇప్పుడేం జరుగుతుంది?” అన్న టెన్షన్ పోయాక, ఆ నటి చూపులో రాక్షసుడు ఎక్కడ తొంగిచూసి ఎక్కడ దాక్కుంటున్నాడో చూడటమే పని. సావిత్రి నటన అసలు కనపడేది అప్పుడే.

## ఒక్క లైను, పది సంగతులు

మన సంగీతకారులు శ్రోత రెండోసారి వచ్చేదాకా ఆగలేదు. ఆ రెండోసారిని పాటలోనే పెట్టేశారు.

కర్ణాటక సంగీతంలో సంగతి అంటే ఒక లైనును మళ్లీ పాడుతూ, ప్రతిసారీ కొంచెం పెంచడం. మాటలు మారవు, తాళంలో వాటి చోటు మారదు, స్వరాలు అల్లుకుంటాయి. త్యాగరాజు (1767-1847) కృతుల్లో ఇది నిండుగా కనబడుతుంది. ఖరహరప్రియ రాగంలోని “చక్కని రాజమార్గములుండగ సందుల దూరనేల” అన్న పల్లవి మంచి ఉదాహరణ. చక్కటి రాజమార్గాలుండగా సందుల్లో దూరడం ఎందుకు, ఓ మనసా? మొదటిసారి లైను నేరుగా వస్తుంది. మన చెవి దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతి సంగతిలో మొదలు అదే, నడకలో చిన్న మలుపు. ఆ తర్వాత ఇంకొంచెం పైకి. ఐదారు సంగతులయ్యేసరికి ఆ రాజమార్గం నిజంగానే వెడల్పవుతూ పోతున్నట్టు నాకు అనిపిస్తుంది. ఇదంతా వినపడాలంటే మొదటి లైను గుర్తుండాలి. మార్పు తెలియాలంటే మారనిది ఒకటి కావాలి.

కూచిపూడి అభినయంలో ఇదే పని దేహం చేస్తుంది. క్షేత్రయ్య పదం లాంటి ఒక గీతానికి నర్తకి అభినయిస్తోందనుకుందాం. “అతను ఇంకా రాలేదు” అనే అర్థం ఉన్న లైను. గాయని అదే లైను పాడుతూనే ఉంటుంది. మొదటిసారి నర్తకి గుమ్మం వైపు చూస్తుంది. రెండోసారి దీపంలో వత్తి ఎగదోస్తుంది. మూడోసారి చెలికత్తె మీద విసుక్కుంటుంది. నాలుగోసారి, పెట్టుకున్న పూలు వాడిపోయాయని తీసేస్తుంది. వీటిని సంచారి భావాలంటారు. పదం తెలియనివాడికి లైను ఆగిపోయినట్టు ఉంటుంది. తెలిసినవాడికి ఒక రాత్రి గడిచిపోతుంది.

నాంపల్లి యూసుఫైన్ దర్గాలో గురువారం ఖవ్వాలీ వింటే దీని చివరి అంచు కనబడుతుంది. ఖవ్వాలులు ఒక మాటను పట్టుకుని తిప్పడాన్ని తక్రార్ అంటారు. మధ్యలో ఇంకో కవిత నుంచి ఒక షేర్ తెచ్చి ముడివేస్తారు, అది గిరా. మళ్లీ అదే మాట దగ్గరికి దిగుతారు. వింటున్నవారిలో ఎవరైనా ఒక మాట దగ్గర ఒళ్లు మరిచిపోతే, దాన్ని హాల్ అంటారు, ఖవ్వాలులు ఆ మాట దాటి ముందుకు పోరు. ఆ మనిషి తేరుకునేదాకా అదే తిరుగుతుంది. ఎన్నిసార్లు అన్నది పాట నిర్ణయించదు, శ్రోత స్థితి నిర్ణయిస్తుంది.

బట్టలో, రాతిలో కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది, అక్కడ ఎక్కువసేపు ఆగను. పోచంపల్లి చిటికి నేతలో నూలును నేయడానికి ముందే కట్టి రంగులు వేస్తారు. అందుకే పువ్వు అంచు దగ్గర రంగు కొంచెం జారి ఉంటుంది, ఏ రెండు పువ్వులూ నూటికి నూరు ఒకటి కావు. అదే డిజైను యంత్రం మీద ముద్రిస్తే జారు లేకుండా వస్తుంది. పక్కపక్కన పెట్టి చూడండి, కన్ను ఎక్కడ ఎక్కువసేపు ఆగుతుందో మీకే తెలుస్తుంది.

## నోటికొస్తేనే కలవగలం

ఇంతదాకా ఒక్క మనిషి చెవి గురించీ కన్ను గురించీ చెప్పాను. థియేటర్లో నా వెనక కుర్రాడికి ఇవి సగమే జవాబు. అతను ఒక్కడే ఇంట్లో కూర్చుని చూస్తే అలా అరవడు.

బతుకమ్మ పాటలో ఒకరు లైను చెబుతారు, చుట్టూ ఉన్నవాళ్లు ‘ఉయ్యాలో’ అంటారు. ఆ ఒక్క మాట వస్తే చాలు, పాట రానివాళ్లు కూడా వలయంలోకి రావచ్చు. చప్పట్లు, అడుగులు దాని మీదే నిలబడతాయి. చెప్పేవారికి తర్వాతి లైను గుర్తుచేసుకోవడానికి కాస్త వ్యవధి కూడా దొరుకుతుంది. పునరావృత్తి ఇక్కడ ఒక తలుపు. పౌరాణిక నాటకాల్లో పద్యానికి “వన్స్ మోర్” కొట్టడమూ అలాంటిదే. రాయబారం సీనులో కృష్ణుడు రాగం తీసి పద్యం ముగించగానే కేక పడుతుంది. కౌరవ సభ ఆగిపోతుంది, కథలో కాలం ఆగిపోతుంది, కృష్ణుడు మళ్లీ అందుకుంటాడు. ఆ పద్యం ఊరందరికీ వచ్చు కాబట్టే ఈ రాత్రి ఎలా పాడాడో తేల్చగలిగేది.

రీ-రిలీజ్ షో ఈ కుదురుకే చెందినదని నాకనిపిస్తుంది. మొదటి రోజు మొదటి ఆటలో ఎవరూ డైలాగు ముందుగా చెప్పలేరు. పదహారేళ్ల తర్వాత అందరూ చెప్పగలరు. అక్కడ జనం సినిమా చూడటం కంటే సినిమాతో కలిసి పలకడం ఎక్కువ.

## గుట్ట లాంటి గీత

మరి దాసరి పాట ఎందుకు విసుగొస్తుంది? ఇక్కడ పరిశోధనలు రెండు మెట్లుగా ఉన్నాయి.

1968లో రాబర్ట్ జాయెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూటి విషయం చూపించారు. అర్థం తెలియని పదాలను, చైనీస్ అక్షరాల్లాంటి గుర్తులను, ముక్కూమొహం తెలియని మనుషుల ఫోటోలను జనానికి వేర్వేరు సార్లు చూపించారు, కొన్నింటిని 25 సార్ల వరకు. ఎక్కువసార్లు చూసినవే ఎక్కువ నచ్చాయి. ఏ కారణమూ లేదు, కంటికి అలవాటు కావడమే కారణం. తెలిసినదాన్ని గ్రహించడం మెదడుకు సులువు, ఆ సులువునే ఇష్టంగా అనుకుంటుందని ఒక వివరణ.

కానీ ఇష్టం అలా పెరుగుతూనే పోదు. 1970ల మొదట్లో డేనియల్ బెర్లైన్ దాన్ని గుట్ట ఆకారంలో వివరించారు. ఎక్కుతుంది, శిఖరం దగ్గర ఆగుతుంది, దిగుతుంది. గుట్ట ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అన్నది ఆ కృతి ఎంత చిక్కనిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక ఊహ చేద్దాం. నాలుగు మాటల హుక్‌తో, అంటే చెవికి తగులుకునే చిన్న ముక్కతో, తిరిగే ఒక డాన్స్ పాట మూడో వినికిడికే నోటికి ఎక్కుతుంది, పెళ్లి సీజను ముగిసేసరికి ఎక్కడైనా వినపడితే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. సంగతులు నిండిన కృతి ఒకటి మొదటి ఐదుసార్లు ఏమీ పట్టు ఇవ్వదు. పదోసారికి ఒక తీగ దొరుకుతుంది, ఇరవయ్యేళ్లకూ గుట్ట దిగడం మొదలవదు. వేమన వేము రెండో రకం, దాసరి పాట మొదటి రకం. అయితే డాన్స్ పాట కొన్నేళ్లు వినకుండా ఉండి మళ్లీ వింటే తియ్యగా ఉంటుంది. విరామం గుట్టను మళ్లీ మొదలుపెడుతుంది.

అసలు మంచి కళ అనేదే లేదా, అంతా అలవాటేనా? ఈ ప్రశ్న మీద రెండు ప్రయోగాలు ఎదురెదురుగా నిలబడతాయి. 2003లో జేమ్స్ కటింగ్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో తన తరగతిలో అంతగా ప్రచారం లేని ఇంప్రెషనిస్టు చిత్రాలను, ఏ వ్యాఖ్యా లేకుండా, పాఠాల మధ్య తరచుగా చూపించారు. చివరికి విద్యార్థులకు అవే ఎక్కువ నచ్చాయి. ప్రసిద్ధ చిత్రాల ప్రసిద్ధికి కారణం చూపించి చూపించి అలవాటు చేయడమేనేమో అన్న అనుమానం గట్టిపడింది. 2013లో బ్రిటన్‌లో ఇంకో బృందం అదే పద్ధతిలో, విమర్శకులు నాసిరకమనే అమెరికన్ చిత్రకారుడు థామస్ కింకేడ్ చిత్రాలను వాడింది. అవి ఎంత ఎక్కువ చూస్తే అంత తక్కువ నచ్చాయి. అంటే పదేపదే చూడటం కృతిలో ఏముందో దాన్ని బయటికి తీస్తుంది, లేనిదాన్ని పుట్టించదు. ఒక్కో ప్రయోగంతో పెద్ద సిద్ధాంతం నిలబెట్టకూడదు కానీ, నా అనుభవం ఈ రెండోదానికి దగ్గరగా ఉంది.

## అలవాటు చేసి అమ్ముతున్నారా?

జర్మన్ ఆలోచనాపరుడు అడోర్నో దీన్ని 1941లోనే నిలదీశాడు. అమెరికా రేడియోలో ఒకే పాటను పదేపదే వేసి జనం మీద రుద్దుతున్నారని, గుర్తుపట్టడాన్నే ఇష్టపడటంగా పొరబడేలా చేస్తున్నారని ఆయన వాదన. ఆయన ఈ రోజు రీల్స్ చూస్తే వాదన మార్చుకోడు. సినిమా రాకముందే పాటలో పదిహేను సెకన్ల ముక్కా, దానికి ఒక హుక్ స్టెప్పూ వేల వీడియోల్లో తిరుగుతాయి. పాట మొత్తం వినేసరికి ఆ ముక్క మనకు పాత చుట్టంలా ఉంటుంది. అమెరికాలో హిట్ పాటలకు వరుస ఇచ్చే బిల్‌బోర్డ్ జాబితాల మీద 2015లో వచ్చిన ఒక పరిశోధన కూడా, మాటలు ఎక్కువగా తిరిగి వచ్చే పాటలకే పైకి చేరే అవకాశం ఎక్కువని తేల్చింది.

ఈ విమర్శలో నిజం ఉంది. పాత సినిమాలు తెరలు ఆక్రమిస్తుంటే కొత్త చిన్న సినిమాకు చోటెక్కడిదని పరిశ్రమలో అడిగేవాళ్ల బాధలోనూ నిజం ఉంది. కానీ అడోర్నో వాదన ప్రకారం రుద్దినవన్నీ నిలబడాలి. అలా జరగడం లేదు. ఒకే ఏడాది ఒకే తీరులో ఊదరగొట్టిన పాటల్లో పదేళ్ల తర్వాత ఎవరూ అడగకుండానే పాడుకునేవి కొన్నే. ముందు రుద్దితే మొదటి పది వినికిడులు కొనుక్కోవచ్చు. ఆ తర్వాతివి జనం ఇష్టపడి ఇవ్వాల్సినవి.

## అచ్చం అదే

మొదట్లో వదిలేసిన మూడో దారికి వస్తాను. గ్రామఫోన్ రాకముందు ఏ మనిషీ ఒకే గానాన్ని రెండుసార్లు వినలేదు. పాట రెండుసార్లు విన్నాడు, గానం కాదు. గాయకుడి గొంతు ఆ రోజు బరువుగా ఉండొచ్చు, వాన పడుతుండొచ్చు, ఒక కొత్త సంగతి తట్టి ఉండొచ్చు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పటి నుంచి మన దేశంలో ‘అచ్చం అదే’ అనేది మెల్లగా మొదలైంది. ఇది చాలా కొత్త అనుభవం, నూట పాతికేళ్ల లోపుది.

దీనివల్ల ఒక చిత్రమైన మార్పు వచ్చింది. వెనకటి రోజుల్లో మార్పు తెచ్చే బాధ్యత కళాకారుడిది, వినేవాడు ఉన్నచోట ఉంటే చాలు. రికార్డు మారదు కాబట్టి ఇప్పుడు మారాల్సింది వినేవాడే. ఇరవయ్యేళ్ల వయసులో విన్న విరహగీతం నలభైల్లో అదే గొంతుతో, అదే ఊపిరితో వస్తుంది. ఏదైనా వేరుగా వినపడితే ఆ తేడా మనదే. రికార్డుకు ఒక నష్టమూ ఉంది. ఒకే గానాన్ని వందసార్లు విన్నవాడికి అదే కృతి ఇంకెవరు పాడినా తప్పు పాడుతున్నట్టే ఉంటుంది. కొలతబద్ద బిగుసుకుపోతుంది.

ఈ ఆలోచనతోనే మొన్న సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాను, సంగీత గడియారం ముందు కూర్చోవడానికి. ప్రతి గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి, గంట ఎంతైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది. ఏ మార్పూ లేని యంత్రం. పన్నెండు దగ్గరపడేసరికి జనం ఎప్పటిలాగే నిండిపోయారు, పన్నెండు దెబ్బలు వినాలని. నా ముందు ఒకాయన భుజం మీద నాలుగేళ్ల పిల్ల. బొమ్మ బయటికి రాగానే ఆ పిల్ల నోరు తెరిచింది. చిన్నప్పుడు తానూ వాళ్ల నాన్న భుజం మీద నుంచి చూశానని ఆయన పక్కావిడతో చెబుతున్నారు. పన్నెండు దెబ్బలు పడినంతసేపూ ఆయన గడియారం వైపు చూడలేదు, మెడ తిప్పి పిల్ల మొహమే చూస్తున్నారు. బొమ్మ లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. పిల్ల తండ్రి జుట్టు పట్టుకుని అడిగింది: “నాన్నా, మళ్లీ?”